సరంగు గారి ఇల్లు

"మామ్మా, పాలకొల్లు వదిలేసి ఈ నరసాపురంలో, అదీ రేవు పక్కన, ఇల్లెందుకు కొన్నావు? తాతయ్యకి ఇప్పటికీ అర్థం కాదంట."

మీ తాతయ్యకా? నా తమ్ముడే గానీ, వాడికి ఏదీ ఓ పట్టాన అర్థం కాదులే శ్రావణీ. కూర్చో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది దానికి, ఇటు మంచమ్మీద కూర్చో. నేను నిలబడే చెప్తాను. కూర్చుంటే నాకు తోచదు. ఇప్పుడని కాదు, మీ పెద్ద తాతయ్య, అదే మా ఆయన, పోయినప్పట్నుంచీ ఇంతే.

ఆయన పోయాక పాలకొల్లులో స్టీలు సామాన్ల కొట్టు ఎత్తేశాం, ఇల్లు వాటాలేసుకుని అమ్మేశారు. నేను ఓ నెల తునిలో అబ్బాయి దగ్గర, ఓ నెల కొవ్వూరులో అమ్మాయి దగ్గర. వాళ్ళు బాగానే చూశారమ్మా, ఆ మాట అనకూడదు. కానీ తునిలో ఉంటే కొవ్వూరు గుర్తొచ్చేది, కొవ్వూరు వెళ్తే తుని. పొద్దున్నే లేచి ఎవరింట్లో ఉన్నానో ఓ క్షణం తెలిసేది కాదు.

అప్పుడు రత్నం ఫోన్ చేసింది. రత్నం తెలుసుగా, మా మరిది భార్య, నా తోడికోడలు. దానికి పిల్లల్లేరు, మరిది పోయాక నరసాపురంలో ఒంటిగది అద్దెకి తీసుకుని ఉండేది. ముప్పై ఏళ్ళు ఒకే వంటింట్లో ఉప్పు దగ్గరా కారం దగ్గరా దెబ్బలాడుకున్నవాళ్ళం మేం. "అక్కయ్యా, వాట్సాప్‌లో ఫోటో పెట్టాను చూడు. ఇల్లు. సగం నువ్వు, సగం నేను" అంది. చూస్తే ఏముంది, ముందు పెంకుటిల్లు, వెనకాల గోదారి. నాకా నీళ్ళంటే భయం. పెళ్ళైన కొత్తలో పాలకొల్లు నుంచి లాంచీలో వచ్చేవాళ్ళం, టిక్కెట్టు అర్ధరూపాయో ముప్పావలానో, ఆ, ముప్పావలా అనుకుంటా, దిగేదాకా కళ్ళు గట్టిగా మూసుకునే కూర్చునేదాన్ని. అయినా బయల్దేరాను. తునిలో ఏం తోచక బయల్దేరాను, నిజం చెప్పాలంటే.

బ్రోకరొకడు వచ్చాడు, "రివర్ వ్యూ అండి, ఇలాంటిది మళ్ళీ దొరకదండి" అని ఒకటే ఊదర. తలుపు తీసింది ధనమ్మ గారు. ఇప్పుడు పెరట్లో ఉన్నారే, ఆవిడే. ఇల్లు వాళ్ళదే. వాళ్ళాయన అప్పారావు గారు లాంచీ సరంగు, అంటే లాంచీ నడిపే పెద్ద. అంతర్వేది తీర్థానికి జనాన్ని దాటించిన మనిషి. ఆ వేళ ఆయన వెనక అరుగు మీద కూర్చుని గోదారి చూస్తున్నాడు, మమ్మల్ని చూడలేదు.

వీధి తలుపుకి పైన, నా చెయ్యి కూడా అందనంత ఎత్తున ఓ గడియ. ఇదేంటండీ అన్నాను. "దొంగల భయం లేకుండా అండి" అన్నాడు బ్రోకరు. ధనమ్మ గారు ఆగలేదు. "దొంగలకి కాదండి, ఆయన కోసం. మతి సరిగ్గా ఉండట్లేదు. తెల్లారగట్ల లేచి లాంచీ తియ్యాలని రేవులోకి దిగిపోతున్నారు. లాంచీలు ఎప్పుడో పోయాయండి. ఓసారి గుండెల్లోతు దిగిపోతే జాలరోళ్ళు లాక్కొచ్చారు. అందుకే అమ్మేసి తాడేపల్లిగూడెం మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాం, అక్కడ ఏరు లేదు కదండీ" అంది.

వరదొస్తుందా అనడిగాను. బ్రోకరు దగ్గాడు. ఆవిడ కిటికీ దగ్గరికెళ్ళి కమ్మీ మీద చెయ్యి పెట్టి, "పెద్ద వరదకి ఇక్కడి దాకా వచ్చిందండి. సున్నం వేశారు గానీ గోకితే మరక కనపడుద్ది" అంది. అమ్ముకునే ఇంటి గురించి అలా ఎవరైనా చెప్తారటే?

బయటికొచ్చాక రత్నం అంది, "అక్కయ్యా, ఇదే కొందాం. ఆవిడ అబద్ధం చెప్పలేదు."

అబ్బాయి మండిపడ్డాడు, ఇద్దరు ముసలాళ్ళు వరదలో కూర్చుంటారా అని. అన్నాడు, అన్నాక సంతకాలకి వాడే వచ్చాడు. రిజిస్ట్రేషన్ అయింది, పాలు పొంగించాం. పైగడియ తీయించేశాం, అందదు కదా. ఇహ నేను కుదురుగా ఉంటాననుకున్నాను. ఎక్కడ! అర్ధగంటకోసారి వెనక్కెళ్ళి నీళ్ళు ఎంతవరకొచ్చాయో చూసుకోవడం, సముద్రం పోటుకి రేవులో రెండు మెట్లు మునిగితే చాలు, సామాను సర్దేయడం. రత్నం నవ్వేది.

ఓ నెలయ్యాక... నెలేనా? కాదు, రథసప్తమి అయిపోయింది, అంటే నెల దాటింది. పొద్దున్నే పాలవాడనుకుని తలుపు తీశాను. అప్పారావు గారు! చొక్కా గుండీలు వంకరగా పెట్టుకుని, చేతిలో బస్సు టిక్కెట్టుతో. నన్ను దాటుకుని లోపలికొచ్చేసి, ఈ గదిలోనే గోడవార కూర్చుని, "కాఫీ తేవే" అన్నాడు. నన్ను! పోలీసులకి ఫోన్ చేద్దామన్నాను. రత్నం కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది.

సాయంత్రానికి కొడుకొచ్చి తీసుకెళ్ళాడు. పాపం ఆ అబ్బాయి తలెత్తలేకపోయాడు. పది రోజులు తిరక్కుండా మళ్ళీ వచ్చాడీయన. ఇంకోసారి నడిచే బయల్దేరాడట, దారిలో పట్టుకున్నారు. దాంతో గదిలో పెట్టి తాళం వేస్తున్నారని ధనమ్మ గారు ఫోన్లో ఏడ్చింది. "తలుపు గోకుతున్నారండి" అంది. ఆ మాట విన్నాక రత్నానికి అన్నం సహించలేదు. "ముందు గదిలో మనం ఎవరం పడుకోం కదా అక్కయ్యా, ఇద్దర్నీ రమ్మందాం" అంది.

"మనం ఇల్లు కొన్నామా, సత్రం కొన్నామా?" అన్నాను నేను. మరి నాది మాత్రం ఏం తప్పు చెప్పు? జీవితంలో మొదటిసారి నా పేరు మీద ఓ ఇల్లు. అత్తగారిల్లు కాదు, కొడుకిల్లు కాదు. ఆ మాటే అన్నాను. "సగం నాది" అంది అది. మాటా మాటా పెరిగింది. నాతో చెప్పకుండానే వాళ్ళని పిలిచేసింది. వాళ్ళు సాయంత్రం బస్సుకి దిగారు, రత్నమేమో నా మొహం చూడలేక పంటు ఎక్కి గోదారి దాటి సఖినేటిపల్లిలో పిన్ని కూతురింటికెళ్ళి పడుకుంది. నేనూ, ముందు గదిలో వాళ్ళిద్దరూ. నిద్రెక్కడ పడుతుంది నాకు?

తెల్లారుతుంటే లేచి చూద్దును కదా, వీధి తలుపు బార్లా తీసుంది. ధనమ్మ గారు ఎన్నాళ్ళకి పడుకుందో, ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. నేను పరుగెత్తాను. ఈ మోకాళ్ళతో! మంచు పట్టేసింది, రేవులో ఒక్క పిట్ట లేదు. ఆయన అప్పటికే మెట్లు దిగిపోయి మొలలోతు నీళ్ళలో ఉన్నాడు. ఇంకా లోపలికి వెళ్తున్నాడు. "అప్పారావు గారూ!" అని అరిచాను. వినలేదు. "ఆగండి, పడిపోతారు" అన్నాను. ఊహూఁ. ఎవరైనా వస్తారేమో అని చూశాను, ఎవరూ లేరు.

నేను దిగాను. పాచి, కాలు జారుతోంది, నీళ్ళు మోకాళ్ళు దాటాయి, చీర బరువెక్కిపోయింది. అప్పుడు నా నోటెంట ఎలా వచ్చిందో నాకే తెలీదు. "సరంగు గారూ, నేను దిగాలండి, కాస్త చెయ్యివ్వండి!" అన్నాను.

ఆగాడు. ఇటు తిరిగాడు. ఆ మొహం వేరే అమ్మా, పనిలో ఉన్న మనిషి మొహం. "ఉండండమ్మా ఉండండి, తొందరపడకండి, దిగే బల్ల జారుద్ది" అంటూ నా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టి చెయ్యనుకున్నావు! "కిందకి చూడకండి, నన్ను చూడండి, ఆఁ, కాలెయ్యండి, ఇంకోటి" అని ఒక్కో మెట్టూ ఎక్కించి ఒడ్డుకి తీసుకొచ్చాడు. తెచ్చి, "సామానేదైనా ఉందా అమ్మా?" అన్నాడు.

ఆయన్ని నేను తెచ్చానో, నన్ను ఆయన తెచ్చాడో... ఏవిటో. ఇద్దరం తడిసి ఇంటికొచ్చేసరికి ధనమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉంది.

మొదటి పంటుకే రత్నం వచ్చేసింది. ముగ్గురం కాఫీ తాగుతుంటే చూసి, నా చీర చూసి, ఏమైందంది. "ఏమీ కాలేదు గానీ, ముందు గదిలో నా సామాను ఉంది, తీసి లోపల పెట్టు. వాళ్ళకి చోటు చాలదు" అన్నాను.

రెండు వర్షాకాలాలు ఉన్నాడాయన మాతో. రోజూ తెల్లారగట్ల ఎవరో ఒకరం ఆయన వెంట రేవుకి వెళ్ళేవాళ్ళం, ఎక్కువ నేనే, నాకెలాగూ నిద్ర పట్టదు కదా. పై మెట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూసి, "ఇవాళ గాలి బాలేదు, లాంచీ తియ్యం" అనేవాడు. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చేవాళ్ళం. కార్తీక మాసంలో, ఇదిగో నువ్వు కూర్చున్న మంచమ్మీదే, నిద్రలో పోయాడు. లేవకు లేవకు, ఏం కాదు. చల్లగా పోయాడు.

కర్మలయ్యాక కొడుకు వచ్చి తల్లిని బయల్దేరదీశాడు. ఆవిడ సంచీ పట్టుకుని వాకిట్లో నిలబడితే రత్నం నన్ను చూస్తుంది, నేను రత్నాన్ని. ఉండమని అడగడానికి ఆవిడ మాకేమవుతుందే? చుట్టమా? చివరికి నేనే అన్నాను: "ఎక్కడికండీ? వరదొస్తుందని చెప్పి అమ్మారు గానీ, వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. మేమిద్దరం ఏం చేస్తాం?" అన్నాను, కాస్త కోపంగానే. ఆవిడ కొడుకుని చూసి, "వచ్చే వరదలు చూసి వస్తాన్రా" అంది. అయ్యాయి, పోయాయి, మళ్ళీ వరదలు వస్తున్నాయి. ఆవిడ వెళ్ళలేదు. మేం అడగలేదు.

నాకు కుదురొచ్చిందా అంటావా? రాలేదు. ఇప్పుడూ చూడు, నిలబడే ఉన్నాను. కానీ ఎక్కడికో వెళ్ళాలని మాత్రం లేదు.

నువ్వూ మీ ఆయనా రాజమండ్రిలో ఏదో ఫ్లాటు చూశారన్నావు. ఎందుకమ్ముతున్నారో అడిగారా? అడగండి. ఓ పూట కూర్చుని అడగండి, తప్పేం లేదు. ఏ ఇల్లు కొన్నా, మీ గుమ్మం ముందు చెప్పులకి చోటు చాలకూడదు తల్లీ, వచ్చినవాళ్ళు వెళ్ళబుద్ధికాక వీధిలోనే నిలబడి ఇంకో గంట మాట్లాడాలి. ఉండు, పెరట్లో వాళ్ళిద్దరూ ఏదో గట్టిగా అనుకుంటున్నారు, పులుసులో బెల్లం వేసిందేమో రత్నం... ధనమ్మ గారికి పడదని ఎన్నిసార్లు చెప్పాను దానికి... వస్తున్నా, వస్తున్నా...