మూలకణాలకూ కొర్రీ వేసిన చెన్నబసప్ప గారు

1988 జూలై 4వ తేదీన రాయికోడ్ నీటిపారుదల సెక్షన్‌లో టైపిస్టుగా చేరిన శ్రీ చెన్నబసప్ప గారు, తమ నియామక పత్రంలోని తప్పును ఎత్తిచూపి, సరిచేయించాకే సంతకం చేశారని పెద్దలు చెబుతారు. ఆనాడు మొదలైన కొర్రీల పరంపర సీనియర్ అసిస్టెంటుగా న్యాల్‌కల్‌లోనూ, సూపరింటెండెంటుగా మన జహీరాబాద్ కార్యాలయంలోనూ అవిచ్ఛిన్నంగా సాగింది. అభ్యంతరం రాయకుండా వారు ఫైలు పంపగా చూసినవారు మనలో లేరు. ఇంట్లో శ్రీమతి తారాబాయి గారి కూరగాయల చీటీ కూడా అప్పుడప్పుడు వెనక్కి వచ్చేదట.

మన రోగనిరోధక శక్తే మన నరాల మీద తిరగబడే మల్టిపుల్ స్క్లెరోసిస్ నాకు వచ్చి, మందులు వాడుతున్నా కాళ్లు పట్టు తప్పుతున్న రోజులవి. మూలకణాల ఇంజెక్షన్‌తో నెలలో పరుగెత్తిస్తామని ఒక క్లినిక్ వారంటే, ఉన్న ఆశంతా దాని మీదే పెట్టుకుని, సెలవు చీటీ చెన్నబసప్ప గారి బల్ల మీద పెట్టాను. వైద్యం వివరాలు లేవన్న కొర్రీతో తిరిగొచ్చింది. నాకు ఒళ్లు మండింది. నచ్చజెప్పడానికి వచ్చిన క్లినిక్ ప్రతినిధిని కూర్చోబెట్టి, ఆ కణాలు ఎవరివి, ఎవరి మీద పరీక్షించారు, అనుమతి ఎవరిచ్చారు అని చెన్నబసప్ప గారు వరుసగా అడిగితే, అతడు అన్నింటికీ గ్యారంటీ అనే ఒక్క జవాబే చెప్పి, తెప్పించిన చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

తరువాత హైదరాబాద్‌లో నరాల వైద్యురాలి దగ్గరికి వారే నా వెంట వచ్చారు. నా మూలకణాలనే తీసి దాచి, దారితప్పిన రోగనిరోధక శక్తిని తీవ్రమైన మందులతో తుడిచేసి, ఆ కణాలను తిరిగి ఎక్కిస్తామని, ప్రమాదం ఉందని, పోయిన బలం వస్తుందన్న హామీ లేదని, జబ్బు ముదరకుండా ఆగవచ్చని ఆమె చెప్పారు. ఎన్నేళ్లు ఆగుతుందని చెన్నబసప్ప గారు కొర్రీ వేస్తే, తెలియదన్నారు. బయటికొచ్చాక వారన్న మాట ఇది: "తెల్వదని చెప్పిందమ్మా. ఈమెను నమ్మొచ్చు. జర ధైర్యం జెయ్."

చికిత్సయి, జుట్టంతా పోయి ఇంటికొచ్చిన నన్ను చూడటానికి, మన ఆఫీసు ఆచారం ప్రకారం అందరూ టిఫిన్ డబ్బాలతో దండెత్తారు. నాకు ఏ అంటురోగమూ సోకకూడదని గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చుని, సాక్షాత్తూ ఇంజినీరు గారి బిర్యానీకి కూడా కొర్రీ వేసి పంపిన ఘనత చెన్నబసప్ప గారిదే. ఆ బిర్యానీ చివరికి ఎవరు తిన్నారన్నది ఇప్పటికీ తేలలేదు.

ఈ వ్యాసాన్ని ముందుగా వారికి చూపించగా, 'నన్ను నడిపించినవారు' అని నేను రాసుకున్న మాట కింద గీత గీసి, "గిది కొట్టెయ్ నాగరాణీ. నడిచింది నువ్వు" అన్నారు. కొట్టేయడం లేదు. నన్ను నడిపించిన చెన్నబసప్ప గారు తారాబాయి గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఈ సాయంత్రం పదవీ విరమణ సభలో వారికి దండ వేయడానికి, కర్ర పట్టుకునైనా సరే, వేదిక మెట్లు నేనే ఎక్కుతాను. చేయి అందించడానికి వారు లేచి వస్తే, కొర్రీ వేసి కూర్చోబెడతాను.