అందరి మొకమూ యుగంధరుదే

ఎవులు, యుగంధరా? యుగంధర్ని నానెరగకపోవడమేటి తల్లీ, ఆడూ నానూ ఒకే ఊరోళ్లం, నర్సన్నపేట పక్కన. యుగంధర్ అన్నది ఆడికి ఆడే పెట్టుకున్న పేరు. ఇంట్లో పేరు అప్పలసూరి. 'బోర్డు మీద అప్పలసూరి అని రాస్తే బొమ్మలేయించుకోడానికి ఎవులొస్తార్రా జోగీ' అనీవోడు. జోగయ్యంటే నానే. వరసకి ఆడు నాకు అన్న. నీ పేరేటన్నావు? హేమ. మంచి పేరు. మరి హేమా, బొమ్మల కింద ఈ సీటీలంటించింది నువ్వేనా? కోప్పడకు, అడుగుతన్నానంతే. ఇదిగో, పుడకలెట్టుకున్న ఈ బొమ్మ కింద ఏటి రాసినావో ఒకపాలి సదువు. 'స్వీయచిత్రం, పద్నాలుగు. స్త్రీ వేషంలో చిత్రకారుడు.' స్వీయచిత్రమంటే ఆడి బొమ్మ ఆడేసుకున్నాడనా? ఓలమ్మో, వేషమేటి తల్లీ, అది మా ఆడది! మా కూర్మమ్మ! నా పెళ్లాం! ముప్పై ఎనిమిదేళ్లు మా ఇంట్లో గోడ మీద దండేసుకుని ఉన్నాది. మొన్న మీ మనుసులు కారేసుకుని మా ఊరొచ్చి, 'తాతా, మీకాడ యుగంధర్ గారి బొమ్మున్నాదంట గదా, ఇజీనగరంలో ఎగ్జిబిషన్ పెడతన్నాం, నెల్లాళ్లకి తెచ్చిచ్చేస్తాం' అని, దండ తీసి నా సేతిలో ఎట్టి బొమ్మ పట్టుకుపోనారు. ఇక్కడ దానికి మగోడి పేరెట్టి నిలబెడతారని నాకేటి తెలుసు?

నవ్వు, నవ్వు, పరవానేదు. మొకం ఆడిదే, నాను కాదన్ను. అసలు కత ఏటంటే, ఆడి యాపారం సచ్చినోళ్ల బొమ్మలు. నర్సన్నపేట బజార్లో సిన్న కొట్టు, లోపలొక స్టూలూ, గోడకొక నిలువుటద్దమూ, అంతే. మనిసి పోతే పన్నెండోరోజుకి బొమ్మ కావాల గదా. ఫొటో ఉన్నోడిది ఫొటో సూసి పెద్దది సేసీవోడు. ఫొటో నేనోడి సంగతేటి? ఆ రోజుల్లో మావైపు ఫొటో ఎవులికున్నాది? అలాంటింటోళ్లని కూకోబెట్టి అడిగీవోడు. 'మీ నాన్నకి ముక్కెలాగుండేదయ్యా?' 'ముక్కులాగే ఉండేది బాబూ.' 'కళ్లో?' 'రెండుండేవి.' ఇలాటి సాచ్చికాలతోటి ఆడేటి సేస్తాడు పాపం? అద్దం ముందర స్టూలేసుకుని, తలపాగా సుట్టుకుని, ఆడిని ఆడే సూసుకుంటా ఏసీవోడు. బియ్యం మిల్లు నారాయణమూర్తిగారు తండ్రి బొమ్మకొచ్చి, దాన్ని ఎలుతుర్లోకి పట్టుకెళ్లి, అటు తిప్పి ఇటు తిప్పి, 'యుగంధరూ, తలపాగా మా నాన్నదే. సెవిపోగులు మా నాన్నవే. మొకం నీదిరా' అన్నాడు. ఈడేటీ బెదర్లేదు. 'మరేటి సెయ్యమంటారు బాబూ? బొమ్మెయ్యాలంటే ఎవులో ఒకలు కదలకుండా కూకోవాల. మీ నాన్నగారు రారు. మిమ్మల్ని కూకోమంటే గడియకోపాలి మిల్లుకి లగెత్తుతారు. కదలకుండా కూకునీ మనిసి ఈ ఊరు మొత్తంలో నానొక్కడినే దొరికినాను' అన్నాడు. నారాయణమూర్తిగారు బొమ్మని ఇంకోపాలి సూసి, 'పోనీలే, పెద్దోళ్లంతా ఇంచుమించు ఒకలాగే ఉంటారు' అని సంకలో ఎట్టుకుని ఎల్లిపోనారు. ఆడికి ఎడం కనుబొమ్మ మీద గాటుండేది, సిన్నప్పుడు తాటిమట్ట తగిలి. అద్దంలో సూసి ఏస్తాడు గనక బొమ్మల్లో అది కుడి కనుబొమ్మకొచ్చీది. సూడు, ఈ గదంతా తిరిగి సూడు, ఒక్క కనుబొమ్మైనా సరిగ్గా ఉన్నాదా? మీరు స్వీయచిత్రాలని ముప్పై పెట్టినారు, ఆ ముప్పైమందికీ ఏటేటా తద్దినాలెడతన్నారు తల్లీ! ఇంకోటి సెప్తానుండు. ఆడు పోయి పాతికేళ్లయింది. ఆడి దినానికి బొమ్మ కావాల్సొచ్చింది. బొమ్మలేసీవోడే పోతే ఇంకెవులేస్తారు? ఆలోసించి ఆలోసించి, నారాయణమూర్తిగారింటికెళ్లి ఆయన తండ్రి బొమ్మ ఒకరోజుకని అడిగి తెచ్చి, దానికే దండేసి దండాలెట్టినాం. ఎవులికీ అనుమానమే రానేదు.

మా కూర్మమ్మదా? అక్కడికే వొస్తన్నాను. మా వైపు ఒక పద్దతున్నాది, నీకు తెలుసో తెలీదో. తమ్ముడి పెళ్లాం బావగారికి మొకం సూపించదు. ఎదరపడదు, మాటాడదు. ఉప్పుడెవులూ పాటించరు గాని, అప్పుడు గట్టిగా ఉండీది. అందులో మా కూర్మమ్మ మరీను. యుగంధర్ అన్న పద్దెనిమిదేళ్లు మా అరుగు మీద కూకుని దాని సేతి సోడంబలి తాగినాడు. ఆడు వాకిట్లో కాలెట్టగానే ఇది గిరుక్కున గోడవైపు తిరిగిపోయీది. గిన్నె అందించాలంటే సెయ్యి ఎనక్కి సాపీది. ఏదైనా సెప్పాలంటే గేదెకి సెప్పీది. 'ఓసే గేదా, బావగారికి ఉల్లిపాయ కావాలేమో అడగవే.' ఆడూ తక్కువోడేటి, గేదెకే సెప్పీవోడు. 'వొద్దులే గేదా, మిరపకాయుంటే సాలు.' అలాగ ఇద్దరూ కోమట్ల కొట్టు సంగతులూ, పక్కింటోళ్ల కోడలి సంగతులూ, వానల సంగతులూ అన్నీ ఆ గేదెతోటే మాటాడుకునీవోరు. మజ్జిలో నానుండి ఏటి పెయోజనం, నన్నెవులూ పలకరించీవోరు కాదు. అలాటిది, ఒక యేడు జొరమొచ్చి నాలుగురోజుల్లో ఎల్లిపోనాది. ముప్పయ్యారేళ్లు దానికి. నాను ఆడి కొట్టుకెళ్లి, 'అన్నా, బొమ్మెయ్యి' అన్నాను. 'ఎయ్యనేటిరా జోగీ. కాని ఆ మొకం నానేనాడు సూసినాను? నువ్వే సెప్పు' అన్నాడు. పద్దెనిమిదేళ్లు కాపరం సేసినోడిని, 'ముక్కు?' అంటే, 'ముక్కులాగే' అన్నాను. ఆడు నా బుజం మీద సెయ్యేసి, 'దాని కోకొకటి పట్రా' అన్నాడు. ఆ కోక కొంగు తలమీద కప్పుకుని, ముక్కుకి మైనంతోటి పుడకలంటించుకుని, అద్దం ముందర కూకున్నాడు. బజార్లో పోయీవోళ్లు ఆగి, 'ఏటి యుగంధరూ, నాటకమా?' అంటే, 'కాదు, జోగిగాడి పెళ్లాం' అన్నాడు. ఆ లెక్కన నీ సీటీ మరీ అబద్దమూ కాదులే.

తెచ్చి గోడకి పెట్టినాక ఒళ్లు మండిపోనాది నాకు. పొద్దున్నే తానం సేసి దీపమెట్టి, యుగంధర్ గాడికి దండమెట్టుకోవడమేటి! మీసం తీసీసినాడు గాని ఆ గాటు తియ్యడా? తరవాత్తరవాత అలవాటైపోనాది. అలవాటవడమే నా కొంప ముంచింది. ఉప్పుడు కళ్లు మూసుకుని కూర్మమ్మని తలుసుకుంటే ఆ మొకం రాదు. యుగంధర్ మొకం వొస్తాది, పుడకలెట్టుకుని. నిజం సెప్తన్నాను, ఏడుపొచ్చీస్తాది. దానికో ఫొటో నేదు, గీటు నేదు. పెళ్లిలో తీసిందొకటుండేది, అందులో తల దించీసుకున్నాది, పాపిట తప్ప ఏటీ అవుపడదు, అదీ సెదలు తినీసినాయి. మీ మనుసులు 'మొత్తం నూట పది బొమ్మలు తాతా' అన్నారా, ఆ మాట నా సెవిలో పడిపోనాది. నూట పదిట్లో ఎక్కడో, ఏ మూలో, నిజంగా అది ఉంటాదేమో. సచ్చీలోగా ఒకపాలి సూస్తానేమో. అందుకని వొచ్చినాను తల్లీ, నీ సీటీ మీద తగువుకి కాదు. ఈ గది అయిపోనాది, ఇక్కడ నేదు. అవతల గదిలో నీలం బొమ్మలున్నాయన్నావు గదా, పద.

అబ్బో! ఇయ్యా! ఇయన్నీ దాసి పెట్టినాడా ఎదవ! ఇది మా లాడ్జీ కొలను తల్లీ, నాను వాచ్‌మేన్ని అక్కడ. ధనరాజు అని ఒకాయన బొంబాయి ఎల్లొచ్చి, హైవే పక్కన లాడ్జీ కట్టి, ఎనకాల స్విమ్మింగ్ పూల్ తవ్వించినాడు. నీలం పలకలూ, దిగడానికి నిచ్చెనలూ, దూకడానికి బల్లా. నర్సన్నపేటలో అందులో ఎవులు దిగుతారు సెప్పు? నలుగురి ఎదర గుడ్డలిప్పుకుని ఈతలాడీ మొకాలా మావి? బెల్లం యాపారొకడు బాల్టీ ముంచుకుని గట్టు మీద తానం సేసినాడు, అంతే దానికి జరిగిన మర్యాద. అప్పుడొక యేడు, కూర్మమ్మ పోవడానికి మూడేళ్ల ముందర, వానలు రానేదు. సెరువు ఎండిపోనాది, బావులు అడుగంటిపోనాయి. మరి ఆకుమడికి ఇత్తనం నానెయ్యాల గదా, గోనిమూటల్లో కట్టి ఒక రోజంతా నీళ్లలో ఉంచితేనే మొలకొస్తాది. ఊరోళ్లంతా నా మీద పడిపోనారు. 'ఒరే జోగీ, అన్నేసి నీళ్లు ఊరికే నిలబెట్టి ఏటి సేస్తార్రా?' నాకూ అదే అనిపించింది. ధనరాజుగారు వైజాగెళ్లినారు. గేటు తీసీసినాను. నలభై మూటలు తల్లీ! తాళ్లు కట్టి నిచ్చెనలకి యాలాడదీసినాం, సగం ములిగి సగం తేలి, సూడముచ్చటగా ఉన్నాది. తెల్లారి ధనరాజుగారు కొత్తల్లుణ్ణి ఎంటబెట్టుకుని దిగిపోనాడు. త్రినాథ్ అని, ఈతల్లో కప్పులు గెలుసుకున్న మనిసంట. వొస్తానే బట్టలిప్పి, బల్లెక్కి, సూడకుండా దూకీసినాడు. కిందకెల్లి పైకొచ్చీసరికి సుట్టూ మెత్తమెత్తగా ఏటో తగిలింది. 'మావయ్యా, శవాలు! మావయ్యా, శవాలు!' అని ఒకటే కేక. గట్టెక్కి, సెడ్డీతోటే హైవే మీదకి లగెత్తినాడు. ఒడిస్సా లారీవోడు జాలిపడి ఎక్కించుకుని ఇచ్ఛాపురంలో దింపినాడంట. ధనరాజుగారు ఎర్రగా అయిపోయి, 'గంటలో మూటలన్నీ తియ్యకపోతే బ్లీచింగ్ డబ్బా మొత్తం గుమ్మరించీస్తాను' అన్నాడు. బ్లీచింగ్ పడితే ఇత్తనం సచ్చిపోదేటి, ఆ యేడు పంటే పోయీది! ఆడోళ్లూ మగోళ్లూ ఎవులికి దొరికిన మూట ఆళ్లు దిగి లాగినాం. ఆఁ, బతికినాయి, బాగానే మొలిసినాయి. యుగంధర్ ఆ వేళ అక్కడే ఉన్నాడు, గోడమీద ఈతలాడీ పిల్లల బొమ్మలెయ్యమని పిలిపించినారు. బొమ్మలేసీ నిచ్చెన మీద కూకుని అంతా సూసినాడు. సాయమొచ్చినాడా? కుంచె జారి నీళ్లలో పడిపోయినా దిగనేదు. ఆ రోజునుంచి సచ్చీవరకూ తీరికైతే ఇదే బొమ్మ, ఇదే నీలం. మీ పుస్తకంలో దీనికేటి రాసినారు? 'నీటిలో ఏకాంత దేహాలు, ఆధునిక మానవుడి ఒంటరితనం.' ఒంటరితనమేటి తల్లీ, నలభై మూటలుంటే! ఈ తలకాయ నేని దేహమంటావా, ఇది మా ఊరి చినబాబు మూట. ఆడికి మూతి కట్టడం రాదు, సెవులు రెండూ పైకొచ్చీస్తాయి. ఇది చిన్నతల్లి వాళ్ల సన్నాలు, ఆళ్ల గోనికి అడుగున అతుకుంటాది, సూడు, అతుకు కూడా ఏసినాడు. కళ్లు ఆడివి, ఏటనుకున్నావు.

ఇదీ మూటే. ఇదీ మూటే. ఇదీ... ఆగు. కళ్లజోడు తుడుసుకోనీ. ఇది మూట కాదు తల్లీ. అటు తిరిగి నడుంలోతు నీళ్లలో నిలబడున్నాది. కోక దోపుకుని, తాడు రెండు సేతుల్తోటీ పట్టుకుని. ముడి జారిపోతన్నాది సూడు, ఎప్పుడూ అంతే, ఎన్నిపాళ్లు సుట్టినా నిలబడీది కాదు. ఎడం బుజం దిగిపోయున్నాది. మా పెద్దదాన్ని సంకన మోసి మోసి అలాగైపోనాది. ఆ వేళ అందరికంటే ముందర నీళ్లలోకి దిగింది ఇదే. బావగారు నిచ్చెన మీదున్నాడని ఇటు మొకం తిప్పకుండా, అవతల గోడనే సూస్తా పదకొండు మూటలు లాగింది. మెడ ఎనకాల మచ్చ... ఆ మచ్చొకటుండేదని నానే మర్సిపోనాను తల్లీ. మొగుణ్ణి, నానే మర్సిపోనాను. ఆడు మర్సిపోనేదు. కింద ఏటి రాసినావు? సదువు, పరవానేదు, సదువు. 'గుర్తుతెలియని ఈతగత్తె.' ఈత రాదమ్మా దానికి. మెడలోతుకెళ్తే పేనం పోతాదని భయం. ఏదైనా కుర్సీ ఉంటే ఇలాగ ఏయి. ఇక్కడే, దీని ఎదరే. నువ్వెల్లి అన్నం తినీసి రా తల్లీ, నా బస్సు సాయంత్రానికి గాని నేదు.