చెంచాడు సూప్

ఒహాయోలో ఒక చిన్న ఊరు. హైవే పక్కన కొత్తగా తెరిచిన పెద్ద సీఫుడ్ బఫే. సోమవారం మధ్యాహ్నం. కిటికీ పక్క బల్ల దగ్గర యూలాన్, ఆమె మొగుడు బావోషెంగ్. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల వాళ్ళ సొంత బఫే కనిపిస్తుంది. సోమవారం దానికి సెలవు.

"ముందు ఆ టోపీ తియ్యి."

"తియ్యను."

"అన్నం తినేచోట టోపీ ఏంటయ్యా, కోళ్ళదొంగలాగా?"

"గుర్తుపడతారే యూలాన్. ఎదురుగా ఇన్నేళ్ళు హోటలు నడిపినవాణ్ణి, ఇక్కడ పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడితే ఏమనుకుంటారు?"

"ఆకలేసిందనుకుంటారు. కూర్చో."

"చూశాంగా. ఇంక పోదాం పద."

"చూడ్డానికి రాలేదు, తినడానికొచ్చాం. పొద్దున ఏమనుకున్నాం బావోషెంగ్? ఇక్కడ తిన్నాకే మన హోటలు లీజు మాట. రేపు సంతకం పెట్టామంటే ఇంకో అయిదేళ్ళు ఇరుక్కుపోతాం. జనం మనల్ని వదిలేసి ఇక్కడికెందుకు వస్తున్నారో తెలియకుండా నేను పెన్ను ముట్టను."

"ఎందుకేముంది? కొత్త ఒక వింత, పాత ఒక రోత. సోమవారం మధ్యాహ్నం కూడా పీతకాళ్ళు కుప్పపోస్తున్నాడు. ఎందుకు రారు?"

"అంతేనా?"

"అంతే. కొంచెం ఓపిక పట్టు. అందరూ మళ్ళీ మన గుమ్మంలోకే."

"అదిగో, డోరిస్."

"ఏదీ?"

"తిరగకు! ఐస్‌క్రీం మిషను పక్కన. ముసలాయన కూడా ఉన్నాడు. మన పిల్ల బల్లల కింద పాకుతున్నప్పటి నుంచి మన దగ్గరే తిన్నారు వాళ్ళు."

"పీతకాళ్ళకి పడిపోయుంటుంది."

"డోరిస్‌కి పీత పడదు. తింటే ఒళ్ళంతా దద్దుర్లు. సూప్ తాగుతోంది. ఉత్త సూప్."

"సూప్ ఎవడైనా కాస్తాడు."

"అయితే నువ్వూ తాగి చూడు. నీకూ ఓ గిన్నె తెచ్చా. పుల్లకారం సూప్. మనది దీనికే కదా ఒకప్పుడు పేరు."

"ముందు నువ్వు తాగు."

"నీ గిన్నె నీ ముందుంది కదయ్యా."

"తాగవే ముందు."

"సరే... తాగాను."

"ఎలా ఉంది?"

"నేను చెప్పను. వంటవాడివి నువ్వు. ఏంటలా చూస్తావు, నా మొహాన ఏమన్నా అంటుకుందా?"

"ఏం లేదు... చప్పగా ఉంది."

"చప్పగానా?"

"ఉప్పు చాల్లేదు. నీకలా లేదూ? ఇదిగో, నా గిన్నెలోది చూడు. చెంచాడు. ఆఁ, నోరు తెరు."

"అబ్బ! పిన్నికి చెంచాతో తినిపిస్తున్నారే బాబాయ్! ఇదిగో టీ. మీరు చైనాలో మా ఫుజో వైపువాళ్ళే కదా? మాటల్లో తెలిసిపోతోంది. నా పేరు షియా, మాది చాంగ్‌లె. ఏ ఊరు పిన్నీ మీది?"

"లియెన్‌జియాంగ్ అమ్మా. రేవు పక్కనే."

"కాదు, న్యూయార్క్."

"ఆయనకి న్యూయార్క్, నాకు లియెన్‌జియాంగ్."

"బాబాయ్ ఏం చేస్తుంటారు?"

"గోళ్ళకి రంగులేసే షాపు."

"ఈ చేతుల్తోనా! ఇన్ని నూనె మచ్చలా బాబాయ్?"

"మా షాపులో... వేడి నూనె వాడతాం."

"ఏమో బాబూ. నాకు మాత్రం పిన్నిని చూస్తే కుళ్ళుగా ఉంది. మావాడు చెంచా సంగతి దేవుడెరుగు, గ్లాసుడు నీళ్ళయినా చేతికివ్వడు."

"ఈయనేం పుట్టుకతో ఇలా లేడులే షియా. పోయినేడు ఆసుపత్రి నుంచి వచ్చాక పట్టుకున్న జబ్బు. రోజూ పొద్దున సూప్ పొయ్యి మీంచి దించకముందే చెంచా పట్టుకుని నా వెనకాల తిరుగుతాడు. నేను గ్లాసులు తుడుస్తుంటే వస్తాడు, ఊడుస్తుంటే వస్తాడు."

"ఇంట్లో అన్ని గ్లాసులేంటి పిన్నీ?"

"యూలాన్, ఆ అమ్మాయికి పనుంది."

"వెళ్తాలెండి. పీతకాళ్ళ కొత్త ట్రే వస్తోంది, కాస్త అటు చూస్తూ ఉండండి. గంట మోగిందంటే తొక్కిసలాటే."

"విన్నావా యూలాన్? గంట కొడతాడట. పీతకాళ్ళకి గంటేంటి, గుడా ఇది?"

"దాని సంగతి వదిలెయ్. చేప తిన్నావా?"

"తిన్నా. వేలితో నొక్కితే పిండిలా పోతోంది. నిన్నటిది."

"రొయ్యలు?"

"తోకలు నల్లబడ్డాయి, చూడు."

"ఈ పీత?"

"విరిస్తే చప్పుడు విను. పటుక్కుమనాలి. తడిగుడ్డ చింపినట్టుంది. రెండుసార్లు ఉడికించాడు వీడు. పైగా ట్రేలు లోతు లేనివి, నాలుగు కాళ్ళు పడేస్తే నిండుగా కనిపిస్తాయి. గడుసువాడే."

"కళ్ళు చెప్పాయి, చెవులు చెప్పాయి, వేళ్ళు కూడా చెప్పాయి. నోరు ఏమంటోంది?"

"అంటే?"

"నోట్లో పెట్టుకుంటే ఎలా ఉందని అడుగుతున్నా."

"చెప్తున్నాగా, బాగాలేదని!"

"బాగాలేదంటే? ఉప్పెక్కువా, పులుపు తక్కువా, అల్లం పచ్చిగా ఉందా? ఒకప్పుడు ఎవరింటికి పోయినా తినలేక చచ్చేవాళ్ళం నీతో. ముద్ద నోట్లో పెట్టగానే నాలుగు వంకలు లెక్కపెట్టేవాడివి."

"గంట కొట్టాడు. పీతకాళ్ళొచ్చాయి."

"నేను అడుగుతుంటే లేస్తావేంటి?"

"అందరూ పరిగెడుతున్నారే, అయిపోతాయి!"

"రెండుసార్లు ఉడికించినవన్నావు కదా?"

"ఇది కొత్త ట్రే. వస్తా, ఉండు."

"... పిన్నీ, ఇంకేమన్నా... అయ్యో పిన్నీ! అది చక్కెర కాదు, ఉప్పు!"

"తెలుసమ్మా షియా."

"బాబాయ్ కప్పులో పోస్తున్నారు!"

"తెలుసన్నాగా. నువ్వు కాస్త ఇటు అడ్డం నిలబడు. ఆయన లైన్లోంచి తిరిగి చూస్తాడు."

"మీ ఇద్దరికీ గొడవా?"

"గొడవైతే బాగుండేది. గొడవైతే రాత్రికి సర్దుకుంటుంది."

"అంత ఉప్పు తాగితే కక్కుకుంటారు పిన్నీ."

"కక్కుకోవాలమ్మా. బల్లంతా కక్కాలి, నన్ను నలుగురిలో తిట్టాలి. అదే మొక్కుకుంటున్నా. ఆ ఒక్క తిట్టు తిడితే రేపు పొద్దున్నే పోయి సంతకం పెట్టేస్తా."

"ఏం సంతకం?"

"వస్తున్నాడు. నువ్వేం చూడలేదు."

"చూశావా యూలాన్, ఆ పసుపు చొక్కావాణ్ణి! ట్రే ముందు గోడలా నిలబడ్డాడు, పటకారు వదిలితే కదా. నా వంతుకి ఈ పుల్లలు మిగిలాయి."

"టీ తాగు. చల్లారిపోతోంది."

"నువ్వు తాగావా?"

"తాగాను."

"ఎలా ఉంది?"

"తాగవయ్యా!"

"అరుస్తావేం? తాగుతున్నా... ఏంటే అలా గుడ్లప్పగించి చూస్తావు? తాగానుగా."

"ఎలా ఉంది?"

"టీలాగే ఉంది. మల్లెపూల టీ. మనదే నయం."

"మిగిలింది కూడా తాగెయ్."

"బాబాయ్, ఆ కప్పు ఇటివ్వండి, వేరేది తెస్తాను."

"ఎందుకమ్మా? వేడిగా బాగానే ఉంది."

"బాబాయ్, వద్దు..."

"నువ్వెళ్ళు షియా. అవతల బల్లవాళ్ళు పిలుస్తున్నారు, వెళ్ళమ్మా... తాగేశావా?"

"ఆఁ."

"అడుగున ఏముందో చూడు."

"ఏముంది... చక్కెర. నేను టీలో చక్కెర వేసుకోనని తెలుసు కదే నీకు."

"వేలితో తీసి నోట్లో పెట్టుకో."

"పిచ్చా నీకు?"

"పెట్టుకో."

"యూలాన్, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. పెట్టుకో బావోషెంగ్."

"... చక్కెరే."

"ఉప్పయ్యా! ఉప్పు! ఈ డబ్బాలో సగం నీ కప్పులో ఉంది. గుటకలేసి తాగావు. మల్లెపూల టీ అన్నావు!"

"మెల్లగా. జలుబు చేసింది నాకు."

"ఏడాది పొడుగునా జలుబా?"

"ఏడాది అని ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పు, ఎప్పటి నుంచో. ఆసుపత్రి నుంచేనా?"

"గొంతులో గొట్టం తీశాక గంజి పట్టారు. గంజి కదా, చప్పగానే ఉంటుందనుకున్నా. ఇంటికొచ్చాక నువ్వు ఎండురొయ్యలు వేయించి పెట్టావు, గుర్తుందా? అవీ గంజే. ఆ రాత్రి వంటింట్లోకి పోయి వెనిగర్ సీసా ఎత్తి తాగా. నీళ్ళు."

"వాసన?"

"అదీ లేదు. మొన్న వెల్లుల్లి మాడితే పొగ చూసి పొయ్యి కట్టేశా."

"నాతో అనలేదేం?"

"ఏమనను? వంటవాడికి నాలుక పోయిందనా? డ్రైవరు కళ్ళు పోయాయని చెప్పుకుంటాడా? రేపొస్తుందిలే అనుకున్నా. పండక్కి వస్తుందిలే అనుకున్నా."

"రానిదాని మీద నమ్మకం పెట్టుకుని అయిదేళ్ళకి సంతకం పెట్టేద్దామనుకున్నావు."

"ఆ వంటిల్లు పోతే నేనెవణ్ణే? కుర్చీలో కూర్చుని టీవీ చూసే ముసలాణ్ణి. భయమేసింది యూలాన్. ఆసుపత్రిలో కూడా అంత భయపడలేదు."

"నీకు భయమేసింది, నాకు మంటెక్కుతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వీణ్ణి తిట్టావు, చేపలు తెచ్చేవాణ్ణి తిట్టావు, డోరిస్‌ని కూడా తిట్టావు. వీళ్ళ సూప్‌లో ఉప్పు సరిగ్గా ఉంది. అలాంటిదాన్ని చప్పగా ఉందన్నావు. అక్కడే నాకు అనుమానమొచ్చింది. వీళ్ళది చప్పగా లేదు బావోషెంగ్, మనదే ఉప్పు కషాయం! ఆఖరిసారి వచ్చినప్పుడు డోరిస్ రెండు గుక్కలు తాగి, నేను నొచ్చుకుంటానని గిన్నె మీద కాగితం కప్పేసి వెళ్ళిపోయింది. నువ్వు చూడకుండా నేను సింకులో పోశా."

"ఉండు. ఉప్పు కషాయమా?"

"సముద్రం నీళ్ళు."

"నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలియకపోవడమేంటి? నా నాలుక నాకుంది కదా."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"ఎప్పటి నుంచంటే... మొదటి నుంచే."

"మరి నవ్వేదానివేం?"

"ఏంటి?"

"పొద్దున్నే చెంచా నోటికి పెడితే నవ్వేదానివి కదే. ఉప్పెక్కువైతే నవ్వేదానివేం?"

"సూప్ చూసి నవ్వానా నేను? నిన్ను చూసి నవ్వా! పెళ్ళయినప్పటి నుంచి ఒక్క ముద్ద నా నోటికి అందించని మనిషివి. చావు నోట్లోంచి బయటపడి, చెంచా పట్టుకుని నా వెంట పడుతుంటే ఏం చెయ్యను? మొదటిసారి వస్తావు, పనిలో ఉంటా, మొహం మాడ్చుకుని మింగి పొమ్మంటా. మళ్ళీ వస్తావు. పొమ్మంటా. మూడోసారి మళ్ళీ చెంచా పట్టుకుని గుమ్మంలో నిలబడితే రాయికైనా నవ్వు రాదా? వయసు మళ్ళాక మా ఆయనకి ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నా. ఆ చెంచా మొహాన ఉప్పెక్కువైందని ఎలా అంటానయ్యా? ఏంటి, తల పట్టుకున్నావు?"

"యూలాన్."

"తల పట్టుకోవడం కాదు, ఇది చెప్పు ముందు. నాలుకా లేదు, ముక్కూ లేదు. ఏడాదిగా ఆ వంటింట్లో ఎలా వండావు? ఉప్పు ఎంత వెయ్యాలో ఎలా తెలిసేది నీకు?"

"నువ్వు నవ్వేదాకా వేసేవాణ్ణి."