చావడానికి స్తంభాలు తన్నిన హిరణ్యకశిపుడు

కదిరప్ప అని ఒకాయన, వీధి నాటకాల జట్టులో హిరణ్యకశిపుడు. ఆ గొంతు, ఆ మీసం, ఆ నడక! ఆయప్ప నవ్వితే ముందు వరసలోవాళ్లు వెనక వరసకి పోవాల్సిందే అనుకో. వాళ్ల జట్టులో ఒక కట్టుబాటు ఉండాది. హిరణ్యకశిపుడు కిరీటం పెట్టుకున్నాక, నరసింహసామి గోరు తగిలి చచ్చేదాకా దాన్ని దించకూడదు, నోట్లో చుక్క నీళ్లు పొయ్యకూడదు. చచ్చినాకనే అన్నం. నవ్వుతారేందబ్బా, నిజమే చెప్తాండా.

ఒకసారి బళ్లో పిల్లోళ్లకి ఆట ఆడమని టీచరమ్మ పిలిచిందంట. పొద్దన్నే పోయినారు. వరండా ముందర తెర కట్టినారు, వెదురు దబ్బలకి రంగు కాగితం అంటించిన స్తంభం నిలబెట్టినారు. దాంట్లో నరసింహసామి దాక్కోవాల. ఆ వేషం కదిరప్ప బామ్మర్ది సుంకన్నది. ప్రహ్లాదుడు ఎవరంటే కదిరప్ప మనవరాలు చౌడేశ్వరి, ఎనిమిదేండ్లది. ఏమైందంటే, మామూలుగా స్తంభాన్ని తన్నే ముందర ఏడు పాటలుండాయి. సుంకన్న లోపల కూర్చోని వేళ్లు మడుచుకుంటా, ఏడో పాట అయిపోతానే గర్జిస్తాడు. ఆ పొద్దు చిన్నపిల్లోళ్లు గదా, ఏడు పాటలంటే తూగుతారని కదిరప్ప నాలుగు ఎగరగొట్టినాడు. ఎగరగొడతాండానని సుంకన్నకి చెప్పడం మర్చిపోయినాడు. సుంకన్నేమో ఇంకా నాలుగు పాటలుండాయి గదా అని, లోపల ఉక్కకి తట్టుకోలేక, వెనక సందులోంచి గాలికి పోయినాడంట.

"చెప్పరా, యాడుండాడు నీ హరి? ఈ స్తంభంలో ఉండాడా?" అని కదిరప్ప ఉరిమినాడు. చౌడేశ్వరి చేతులు జోడించి "ఉండాడు తండ్రీ" అనింది. పిల్లోళ్లంతా ఒక్క గొంతుతో "ఉండాడు! ఉండాడు!" అన్నారు. కదిరప్ప కాలెత్తి ఒక్క తన్ను తన్నినాడు. కాగితం చినిగింది. లోపల ఎవరూ లేరు.

పిల్లోళ్లు మెడలు సాచి చినిగిన కాగితంలోకి తొంగి చూసినారు. ముందర కూర్చున్న ఒక చిన్నపాప, "అయితే ప్రహ్లాదుడు అబద్ధం చెప్పినాడా?" అనింది. చౌడేశ్వరికి కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. అది చూసినాడు కదిరప్ప. ముప్పై ఏండ్లుగా హరి లేడు లేడని అరుస్తాండే మనిషి, ఇప్పుడు పసిబిడ్డల ముందర నిజంగానే లేడని తేలిపోతే ఎట్లా? మనవరాలు అబద్ధాలకోరు అయిపోదా? మీసం దువ్వి, "ఓహో, దీంట్లో లేకపోతే ఇంగో దాంట్లో దాక్కోనుంటాడు! యాడుండాడో మీరే చూపించండి!" అన్నాడు. అంతే, పిల్లోళ్లకి పండగ. "దీంట్లో! దీంట్లో!" అని వరండా స్తంభాల కాడికి ఉరికినారు. అవి కాగితానివి కాదు నాయనా, రాతివి. ఒకటి తన్నినాడు, రెండు తన్నినాడు, మూడు తన్నినాడు, కాలు బూరె మాదిరి పొంగింది. కిరీటం కింద చెమట కారతాంది, గొంతెండిపోయింది. నీళ్లు తాగాలంటే చావాల, చావాలంటే సుంకన్న రావాల. ఇంగ వంటగది పక్కనుండే స్తంభం ఒక్కటే మిగిలింది. అప్పుడు కదిరప్ప ఏం చేసినాడో తెలుసా? హిరణ్యకశిపుడై ఉండి, నెత్తిన కిరీటం పెట్టుకోని ఉండి, కండ్లు మూసుకోని "శ్రీహరీ, రావయ్యా తండ్రీ, నా బిడ్డ మాట నిలబెట్టు" అని పెద్దగా మొక్కుకున్నాడంట! మొక్కి, తన్నినాడు.

వంటగదిలో ఏం జరిగిందంటే, సింహం రంగు, జూలు వేసుకోని వచ్చిన సుంకన్నని చూసి వంట చేసే తిప్పక్క, "నా సామి నడిచొచ్చినాడు" అని ఆకేసి, సాంబారన్నం వడ్డించి, దండం పెట్టింది. వేషంలో ఉన్నాక నైవేద్యం వద్దంటే తప్పు గదా అనుకున్నాడు సుంకన్న. మూడో ముద్ద మింగుతాంటే ఆ మొక్కు, ఆ తన్ను చెవినపడినాయి. ఆకు ముందర నుంచి లేచి ఒక్క గర్జన! పిల్లోళ్లు కెవ్వుమన్నారు, ఆ పైన ఒకటే చప్పట్లు. కదిరప్ప అంత సంతోషంగా ఎప్పుడూ చావలేదంట. సుంకన్న ఒళ్లో పడుకోని, "ఏందిరా, గోర్లు సాంబారు వాసన కొడతాండాయి" అని గొణిగినాడు. "తిప్పక్క నీకూ ఆకేసింది బావా, తొందరగా చావు" అన్నాడు సుంకన్న.

ఆ చిన్నపాప దగ్గరికొచ్చి చూసి, "సామి మూతికి మన బడి అన్నం!" అని ఎగిరి గంతేసింది. ఆ పొద్దు నుంచి ఆ బళ్లో ఒక్కరు కూడా ప్లేటులో మెతుకు వదల్లేదంట. ప్రహ్లాదుడు పిలిస్తే హరి ఎంతసేపటికి వచ్చినాడో నాకు తెల్దు గానీ, హిరణ్యకశిపుడు పిలిస్తే మటుకు పరిగెత్తుకొచ్చినాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా.