తీపి తిన్న రోజు మాత్ర

పెదజాలారిపేట ఒడ్డున బావ వల కుట్టుకుంటున్నాడు. మందుల సంచితో బావమరిది వచ్చి పక్కన కూలబడ్డాడు.

"మళ్లీ తెచ్చినావా? ఆ సంచి సముద్రంలో పారెయ్."

"డాక్టరమ్మ తిట్టినాది బావా. నువ్వు మాత్రలు సరిగ్గా ఏసుకోడం లేదంట."

"ఏసుకోకేటి! పాకం గారెలు తిన్న రోజున ఏసుకుంటన్నాను. వేటకెల్తే సేపల పులుసే గదా, దానికి సుగరు మాత్రెందుకు?"

"తిన్నా తినకపోయినా రోజూ ఏసుకోవాల. లేకపోతే మెదడులో రగతం ఎల్లే సన్న గొట్టాలు పూడిపోతాయంట. మొన్న నీ మూతి వంకరపోనాది అందుకేనంట."

"అది సలిగాలికి పోనాది."

"సుగరు మాత్రల్లో కొన్ని ఆ గొట్టాల్ని కూడా కాపాడతాయేమోనని పెద్ద డాక్టర్లు ఇప్పుడు పరీచ్చ సేసి సూత్తన్నారంట."

"ఏమోనంట! సుగరుండేది రగతంలో. ఆవిడేటి నా బుర్ర మీద పడ్డాది? వచ్చి వలకి ఒక్క ముడి ఎయ్యమను, అప్పుడింటాను ఆవిడ సదువు."

"సరే, నువ్వెయ్యి బావా, సూత్తాను."

"కళ్లు లేవేటి నీకు? ఏత్తనే ఉన్నాను గదా!"

"దేంతో ఏత్తన్నావు బావా? సూది ఎప్పుడో నీ సేతికి తెలీకుండానే జారి ఇసకలో పడిపోనాది."