నవ్వుల క్లాసు

నాను రాను బావా. సాలువా కప్పుతారో, దండేత్తారో, మీ కాలనీ సంగం ఇట్టం. నన్ను మాత్రం ఒగ్గీయండి.

సన్మానం కార్డు మీద ఏటి అచ్చేసేరో సూసేవా? సూసే ఉంటావులే, కార్యదర్శివి నువ్వే కదా. లాక్‌డౌన్‌లో ఇంటింటా ఉత్సాహం నింపిన వ్యాయామోపాధ్యాయులు పాపారావు గారట. సదివి ఆ కార్డు బోర్లా పెట్టీసేను.

కాదు, కూకో. మీ సెల్లి వసంతకి తప్ప ఎవరికీ తెల్దు ఈ సంగతి. ఇనీసి ఎల్లు.

ఆ క్లాసెలగ మొదలైందో గేపకముందా నీకు? ఇస్కూళ్లు మూసీసేరు. టెక్కలి ఊరంతా తలుపులేసుకుని కూకున్నాది. టీవీల్లో సావుల లెక్కలు సూడ్డం, ఇంట్లో ఒకల్నొకలు కరుసుకోడం. నువ్వే కదా అన్నావు, రోజూ పొద్దున ఏడింటికి ఫోన్లో లైవు పెట్టి నాలుగు ఆసనాలేయించమని. మంచి మాటే. నాను సరదాగానే పెట్టేను.

డాబా మీద నడక, మెట్లెక్కి దిగడం, నీళ్ల సీసాలు పట్టుకుని సేతులు తిప్పడం. వీధి సివర ముసలమ్మ గారు లేరూ, డెబ్బయ్యేళ్ల మనిసి, కుర్సీలో కూకునే కాళ్లాడించీవోరు. ఆవిణ్ణి సూత్తే నాకే హుషారొచ్చీది. అందులో తప్పేటీ నేదు బావా. నాను కాదన్ను.

తరవాత మనుసులు పెరిగేరు. విశాపట్నం నుంచి కూడా సూత్తన్నారన్నారు. నాకు కొత్త టీసర్టులు కావలసొచ్చేయి. గెడ్డం రోజూ గీసుకోడం మొదలెట్టేను. ఆకర్ని ఐదు నిమిషాలు నవ్వుల క్లాసు పెట్టేను. రెండు సేతులూ పైకెత్తి, పొట్ట కదిలేటట్టు హహ్హహ్హా అని నవ్వాల. కారణమక్కర్లేదు. కష్టాన్ని తలుసుకోకండి, పాజిటివ్‌గా ఉండండి, అని నానే సెప్పీవోణ్ణి. ఇప్పుడా మాటింటే ఉమ్మెయ్యాలనిపిత్తంది.

దాలయ్య తెలుసు కదా నీకు? మా ఇస్కూలు అటెండరు, ఎనక వీధిలో ఉండీవోడు. ఇరవయ్యేళ్లు నా గ్రౌండులో సున్నం గీతలు గీసిన మనిసి. సోంపేట వేపు, ఉద్దానపోడు. అక్కడ ఊరూరా ఉన్న ఆ కిడ్నీ జబ్బే. వారానికి రెండుసార్లు పలాస ఎల్లి డయాలిసిస్ సేయించుకోవాల. బస్సులాగిపోయేయి, ఆటోలోళ్లు రామన్నారు. నాకు మోటారుసైకిలుంది కదా. ఆసుపత్రి కాగితం సూపిత్తే పోలీసులు ఒగ్గెత్తన్నారు. మూడు వారాలు నానే తీసుకెల్లేను. ఎనక కూకుని నా భుజం పట్టుకునీవోడు. దిగినప్పుడల్లా మీకిబ్బంది మాస్టారూ అనీవోడు.

అప్పుడొచ్చేవు నువ్వు. గేటవతలే నిలబడ్డావు. ఆసుపత్రికెల్లొచ్చి కాలనీలో తిరిగితే ఎలగని నలుగురూ అనుకుంటన్నారన్నావు. ముఖం అలగ పెట్టకు. నీ మీద నేరం తోసీడానికి సెప్పడం నేదు. ఇంక తీసుకెల్లనని నాను తలూపేను కదా, అదీ సెప్తన్నాను. తలూపినోణ్ణి, దాలయ్యకి ఆ ముక్కైనా సెప్పేనా? సెప్పుంటే ఇంకో దారి సూసుకునీవోడు. ముఖం సెల్లక ఊరుకున్నాను.

బుధవారం ఆయన వంతు. ఆ బుధవారమే మొదటిసారి కేబులోళ్లు నా క్లాసు టీవీలో ఏత్తన్నారు.

హాల్లో ఫోను స్టాండు. దానెనక కిటికీ. కిటికీ అవతల గేటు. సరిగ్గా నవ్వుల క్లాసు మొదలైంది, గేటు సప్పుడైంది.

దాలయ్య. ముఖం ఉబ్బిపోయి కళ్లు కనపట్నేదు. పాదాలు సెప్పుల్లో పట్టక వేళ్లు బయటికొచ్చేసున్నాయి. సంకలో ఆసుపత్రి ఫైలు. నాను రెండు సేతులూ పైకెత్తి నవ్వుతున్నాను బావా. ఆయన నన్ను సూసేడు. నాను ఆయన్ని సూసేను. నవ్వాపనేదు.

వసంత గుమ్మంలోంచి సైగ సేసింది. ఆగమని కళ్లతోనే సెప్పేను. కాసేపు గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఏటనుకున్నాడో మరి, ఆయన కూడా కూసింత నవ్వేడు. మాస్టారు పన్లో ఉన్నారనుకున్నాడో ఏటో.

క్లాసయిపోయింది. వసంత పరిగెట్టుకొచ్చింది. "దాలయ్యన్న హైవే వేపు నడుసుకుని పోతన్నాడు. బండి తియ్యండి, బేగి అందుకుంటారు," అంది.

"ఎవులో ఒకలు ఎక్కించుకుంటార్లే," అన్నాను.

కూకుని మెసేజీలు సదువుకున్నాను. సూపరు మాస్టారూ, పేనం లేసొచ్చింది మాస్టారూ. ఒక్కోదానికీ దండం బొమ్మ పెట్టి జవాబిచ్చేను.

ఎవులూ ఎక్కించుకోనేదు. నందిగాం వేపు మూడు కిలోమీటర్లు నడిసేడట. కల్వర్టు మీద కూలబడిపోతే పోలీసు జీపోళ్లు సూసి పలాస తీసుకెల్లేరు. అక్కడోళ్లు సెయ్యాల్సిందంతా సేసేరు. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చేసింది. సాయంత్రానికి పోయేడు.

అలాటి జబ్బుకి ఎప్పుడైనా పోతాడంటావా? అనకు. ఆ ముక్క నాకు నాను ఎన్నిసార్లు సెప్పుకున్నానో. ఒక వారానికి పనికొచ్చింది, తరవాత పన్జెయ్యనేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి ఏటి సేసేనో తెలుసా? క్లాసు పెట్టేను. నవ్వులతో సహా.

ఆయన పెళ్లాం ఎర్రమ్మ జీడిపిక్కల పనికెల్తాది. ఆ జీడి పాలకి వేళ్లన్నీ నల్లగా కాలిపోయుంటాయి. ఆ సేతుల్తో నా సెయ్యి పట్టుకుని, మీరొక్కలే ఆయన్ని తిప్పేరు మాస్టారూ, మీ పేరే సెప్పుకునీవోడు అంది. నానేటన్నానో ఇను. ఆవేళ గేటు సప్పుడు నాకినపడ్నేదమ్మా, అన్నాను. ఆ మనిసి నమ్మింది. ఇప్పుడెదురైనా ఆగి పలకరిత్తాది. నాకు నా ఒంటి మీద సర్మమే రోతగా ఉంటాది.

ఇంకొక్క ముక్కుంది. ఇది వసంతకీ తెల్దు.

క్లాసు ఆపీగానే, వసంత రాకముందే, నాను కిటికీ కాడికెల్లి సూసేను. గేటు దగ్గర ఎవులూ నేరు. పలాస ఎల్లక్కర్లేదు, నీకు జవాబు సెప్పక్కర్లేదు, దాలయ్య ముఖం సూడక్కర్లేదు. రోడ్డు మీద ఆ మనిసి కాళ్లీడ్సుకుంటా పోతన్నాడు. ఇక్కడ నాను ఫేను కింద నిలబడి, హమ్మయ్య, అనుకున్నాను బావా.