గుండ్లు చూసి రాసిన వార్త

జ్యోత్స్నకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: ఏడ్చినప్పుడల్లా గజ్జల్లోకి జారే పసికొడుకు పేగు, ఏదో ఒకరోజు వెనక్కి పోకుండా ఇరుక్కుపోతుందని. ఆపరేషన్ చేస్తానన్న డాక్టర్ వెంకటకృష్ణను మెడికల్ కౌన్సిల్ సస్పెండ్ చేసింది. ఆపరేషన్ వికటించి రోగి చనిపోయాడని వార్త రాసి అందుకు కారణమైన విలేకరి చిరంజీవి, వాన తెరిపిచ్చిన పూట టీ కొట్టు దగ్గర దొరికాడు. ఆమె, మొగుడు కోటేష్ అతన్ని చెరోవైపు నిలేశారు.

"డాక్టర్ తప్పు లేదంటున్నవు. మరి నీ పెనిమిటి ఎట్ల సచ్చిండమ్మా?"

"సావలే సార్. గీయనే మా ఆయన."

"ఎవరు?"

"నేనే సార్, కోటేష్‌ను. కడుపు మీద కుట్లు చూపియ్యాల్నా?"

"ఒద్దొద్దు. అంగీ దించు, టీ తాగుతున్న."

"మరి నేను సచ్చిన్నని ఎట్ల రాసిండ్రు సార్?"

"మీ అన్నదమ్ములు నలుగురు గుండ్లతోటి బస్సు దిగిండ్రు. ఆపరేషనైనోడు కనబడలే. ఇంకేమనుకోవాలె?"

"ఆపరేషన్ మంచిగైతే ఇంటిల్లిపాది గుండ్లు కొట్టిచ్చుకుంటమని భద్రాద్రి రామయ్యకు మొక్కుకున్నం సార్. కుట్లు పచ్చిగున్నయని నేను వెనక సీట్ల పండుకున్న."

"ఒక్క మాట అడగొద్దా సార్?"

"దుఃఖంల ఉన్నోళ్లను ఏమడుగుతమమ్మా? మాకూ మానవత్వం ఉంటది."

"దుఃఖమేంది సార్? లడ్డూలు తినుకుంట దిగిండ్రు!"

"దూరం నుంచి అవి కనబడలే."

"సరే, అయిందేందో అయింది. మా ఆయన బతికే ఉన్నడని రేపు రాయుండ్రి."

"ఎడిటర్ ఆధారం అడుగుతడు."

"మనిషే ఉన్నడు కద సార్!"

"మనిషి మాట మారుస్తడు. ఆధారమంటే కాయితం."

"కౌన్సిలోళ్లు ఏ కాయితం చూసిండ్రు?"

"మా పేపర్ కటింగ్."

"అంటే మీరు రాసిండ్రని వాళ్లు సస్పెండ్ చేసిండ్రు."

"అవ్. వాళ్లు సస్పెండ్ చేసిండ్రు గనక మేం రాసింది నిజమైంది."

"నేను ఏడో తరగతిల బడి బందువెట్టిన సార్. నాకు సమజ్ కాలే."

"డిగ్రీ చదివిన, నాకూ అంతంతే. వాళ్లు కొట్టేస్తే మేం రాస్తం. మేం రాస్తే వాళ్లు కొట్టేస్తరు."

"డాక్టర్ సార్‌ను ఏమైందని ఎవరన్న అడిగిండ్రా?"

"వచ్చే నెల విచారణ ఉన్నది. అప్పుడు అడుగుతరు."

"ఉరేసినంక పేరు అడిగినట్టు!"

"పద్ధతి అట్లుంటదమ్మా."

"మరి పట్నంల పెద్దాసుపత్రోళ్లు మా సోని వదిన కడుపుల గుడ్డ మరిసిండ్రు. అది ఎందుకు రాయలే?"

"ఏ ఆసుపత్రి?"

"మీ పేపర్ల పేజీకి పేజీ బొమ్మ ఏపిస్తరు చూడు, అది."

"నెమ్మదిగ మాట్లాడు. అది ఆరోపణ మాత్రమే. నిర్ధారణ కాలే."

"గుడ్డ బయటికి తీసినంక గూడనా?"

"గుడ్డ వివరణ ఇంకా రాలే."

"పోనీ సార్, నేను సచ్చి బతికిన్నని రాయుండ్రి. నాకేం ఇబ్బంది లేదు."

"పిచ్చోడా, పర్మిషన్ లేకుండ పీనుగను బతికిచ్చిండని డాక్టర్‌కు ఇంకో నోటీసు ఇస్తరు!"

"నవ్వకుండ్రి సార్. మా అత్త బాబునెత్తుకొని డాక్టర్ ఇంటికాడనే కూసున్నది. కత్తి ముట్టద్దని ఆర్డరున్నది, ఖమ్మం తీసుకపోండ్రి అంటుండాయన. వాగు పొంగి తొవ్వ బందయింది. ఎట్ల పోవాలె?"

"ఆగమ్మా, మా ఫొటోగ్రాఫర్ ఫోను. హలో, భద్రూ! ఏందీ? నిజమా? లోపల లైటు ఎలుగుతున్నదా? బయటి నుంచే ఫొటో కొట్టు, నేను వస్తున్న!"

"ఏమైంది సార్?"

"ఫస్ట్ పేజీ వార్త! సస్పెండైన డాక్టర్ ఆపరేషన్ చేస్తుండు. ఈ దెబ్బకు లైసెన్సే పోతది."

"ఎవరికి సార్?"

"ఎవరో ముసలామె తెచ్చిన పసిపిల్లగాడట. పేగు ఇరుక్కొని నీలంగైండట..."

"జ్యోత్స్నా! ఏయ్, జ్యోత్స్నా, కూసో. నీళ్లు తాగు."

"ఒదులు. నన్నొదులు. సార్, నన్ను బండెక్కిచ్చుకోండ్రి. గడప దాంక వస్త, లోపలికి పోయే ధైర్యం నాకు లేదు. రాసుడు తర్వాత సార్. మీరు లోపలికి పోయి, మా బాబు ఊపిరి తీస్తుండో లేదో, మీ కండ్లతోటి చూసొచ్చి చెప్పుండ్రి."